కరెంటు ఇంటిది, గ్యాస్ మీది!

ఇల్లు మారుతున్నాం అనగానే మనకు ముందు ఏం గుర్తొస్తాయి? ప్యాకర్స్ వాళ్ల రేటు. ఓనర్ దగ్గరున్న అడ్వాన్సు. పెయింటింగ్ పేరుతో అందులో ఎంత కోస్తారో అన్న టెన్షన్. కొత్త ఇంట్లో వైఫై ఎప్పుడు పెడతారో అన్న బెంగ. కరెంటు, గ్యాస్ మాత్రం లిస్టులో చిట్టచివర ఉంటాయి. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, నాబ్ తిప్పితే స్టవ్ అంటుకుంటుంది, అంతే కదా అనుకుంటాం.

కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్నా గ్యాస్ ఉండాలిగా! సామాను దిగాక చూస్తే సిలిండర్ ఖాళీ. బుక్ చేద్దామంటే అడ్రస్ పాతది. ఈలోగా మీటర్ రీడర్ వచ్చి చేతిలో పెట్టిన బిల్లులో ఎవరిదో పాత బకాయి. మరోవైపు ఖాళీ చేసిన ఇంటి ఓనర్ ఆంటీ నుంచి ఫోన్: “బాబూ, నువ్వు వెళ్లాక బిల్లు పద్దెనిమిది వందలు వచ్చింది. అడ్వాన్సులో పట్టుకుంటున్నా.” అప్పటికి మన దగ్గర ఫొటో లేదు, లెక్క లేదు, వాదించే ఓపికా లేదు.

ఈ గొడవలు చాలావరకు రాకుండా ఉండాలంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర కరెంటు కనెక్షన్ ఇంటికి ఉంటుంది. వంటగ్యాస్ సిలిండర్ కనెక్షన్ మనిషికి ఉంటుంది. మీరు వెళ్లిపోయినా మీటర్ గోడకే ఉంటుంది, దాని మంచీ చెడూ ఆ ఇంటితోనే. గ్యాస్ కనెక్షన్ మాత్రం మీ పేరు మీద మీ వెంట నడుస్తుంది. అందుకే కరెంటు విషయంలో లెక్క తేల్చుకుని వదిలేయాలి. గ్యాస్ విషయంలో కాగితాలు మార్పించుకుని వెంట తీసుకెళ్లాలి. ఇది తిరగబడిన చోటే డబ్బులు పోయేది.

మీటర్‌కి మనుషులు తెలియదు

తెలంగాణలో కరెంటు బిల్లు మీద యూఎస్‌సీ నంబర్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సర్వీస్ నంబర్ అంటారు. డిస్కం లెక్కలన్నీ ఆ నంబర్ మీదే నడుస్తాయి. ఆ ఇంట్లో నిన్న ఎవరున్నారు, ఇవాళ ఎవరున్నారు అన్నది దానికి అనవసరం. పాత అద్దెదారు మూడు నెలలు బిల్లు ఎగ్గొట్టి వెళ్లాడనుకోండి. ఆ బకాయి అతనితో పోదు, ఆ నంబర్ మీదే కూర్చుంటుంది. లైన్‌మన్ ఫ్యూజు తీయడానికి వచ్చేది మీరుంటున్న ఇంటికే.

అందుకే అడ్వాన్సు ఇవ్వడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఓనర్‌ని అడగండి: “అంకుల్, ఒకసారి కరెంటు బిల్లు చూపిస్తారా?” ఇందులో మొహమాటం ఏమీ లేదు. బిల్లు మీది నంబర్‌ని డిస్కం యాప్‌లో గానీ, మీరు రోజూ వాడే పేమెంట్ యాప్‌లో గానీ కొట్టి చూడండి. ఎవరి పేరు వస్తోంది, ఎంత బాకీ ఉంది అన్నది నిమిషంలో తెలిసిపోతుంది. బాకీ ఉంటే, అది కట్టాకే తాళాలు తీసుకుంటామని చెప్పండి. తాళం చేతికొచ్చాక అడిగితే “కట్టేస్తాలే బాబూ” అనే మాటే మిగులుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్లు ఇంకో లైను కూడా చూడాలి. ట్రూఅప్, ఎఫ్‌పీపీసీఏ పేర్లతో బిల్లులో వచ్చే సర్దుబాటు చార్జీలు. ఇవి ఈ నెల వాడకానికి సంబంధించినవి కావు. గతంలో కరెంటు కొనడానికి డిస్కంలకు అదనంగా అయిన ఖర్చును తర్వాత వసూలు చేయడం అన్నమాట. ఉదాహరణకు 2022-23లో వాడిన కరెంటుకు సంబంధించిన సర్దుబాటు 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కలవడం మొదలైంది. ఆ సర్వీసు మీద అప్పట్లో ఎన్ని యూనిట్లు కాలాయో దాన్ని బట్టి ఇప్పుడు వడ్డింపు. అప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు ఏసీలు వేసుకుని హాయిగా పడుకుని ఉంటే, ఇప్పుడు ఫ్యాను కింద ఉన్న మీరు దాని తాలూకు డబ్బు కడతారు. న్యాయమా కాదా అన్న చర్చ పక్కన పెడదాం. అద్దె మాట్లాడేటప్పుడే “పాత వాడకం మీద వచ్చే సర్దుబాటు చార్జీలు ఎవరు కట్టాలి?” అని అడిగి, అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించుకోండి. రాతలో ఉన్నది తర్వాత గొడవకు రాదు.

ఏసీడీ అంటే బిల్లు కాదు, డిపాజిట్

బిల్లులో అప్పుడప్పుడు ఏసీడీ అని ఒక పెద్ద మొత్తం కనిపిస్తుంది. అడిషనల్ కన్సంప్షన్ డిపాజిట్. వాడకం పెరిగినప్పుడు, సుమారు రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ తమ దగ్గర ఉండాలని డిస్కం అడుగుతుంది. చాలామంది కుర్రాళ్లు ఇది కూడా బిల్లే అనుకుని యాప్‌లో టక్కున కట్టేస్తారు.

ఆ డబ్బు ఆ సర్వీసు మీదే ఉండిపోతుంది. దానిమీద వడ్డీ వచ్చినా బిల్లులోనే సర్దుబాటవుతుంది. మీరు ఇల్లు ఖాళీ చేశాక ఆ డిపాజిట్ ఎవరికి లాభం? సర్వీసు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి. కాబట్టి ఏసీడీ కట్టాల్సింది ఓనరే. “మీ పేరు మీద డిపాజిట్ అట ఆంటీ, వాడకం వరకు నేను కడతాను, ఇది మీరు కట్టండి” అని మర్యాదగా చెప్పండి. ఒకవేళ ఇప్పటికే మీరు కట్టేసి ఉంటే ఆ రసీదు దాచుకుని, అద్దెలో తగ్గించమని అడగండి.

ఒక్క యూనిట్ ఖరీదు రెండొందలు

కరెంటు స్లాబుల సంగతి వినే ఉంటారు. కానీ ఇల్లు ఎంచుకునేటప్పుడు దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ఇళ్ల టారిఫ్ తీసుకుందాం. నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడితే మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి 100కి 4.80. అంటే సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటిన మరుక్షణం మీరు వేరే కేటగిరీలోకి వెళ్లిపోతారు. మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున పడుతుంది, ఆపైన 300 వరకు 7.70. కాబట్టి 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ మీకు 207 రూపాయల పైచిలుకు పడింది! ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం.

ఇప్పుడు అసలు పాయింట్. ఓనర్ కింద ఉంటారు, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తారు. మూడింటికీ కలిపి డిస్కం మీటర్ ఒక్కటే. మీకు మాత్రం ఒక సబ్‌మీటర్ పెట్టి “యూనిట్‌కి పన్నెండు రూపాయలు బాబూ” అంటారు. ఒక్కో పోర్షన్ 200 యూనిట్లు వాడిందనుకోండి. ఎవరి మీటర్ వాళ్లకుంటే ఒక్కొక్కరికి 820, మొత్తం 2,460 రూపాయలు. అదే ఒకే మీటర్ మీద 600 యూనిట్లయితే పై స్లాబుల్లో 9 రూపాయలు, 9.50 కూడా తగిలి 4,590 అవుతుంది. అదే కరెంటు, అవే ఫ్యాన్లు, తేడా 2,130 రూపాయలు. అదీ ప్రతి నెలా.

అయినా సరే, ఆ 4,590ని 600తో భాగిస్తే యూనిట్ సగటున 7.65 పడింది. మిగతా చార్జీలు కలిపినా పన్నెండు కాదు. కాబట్టి సబ్‌మీటర్ ఉన్న ఇంట్లో దిగేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. ఒకటి, మెయిన్ బిల్లు నెలనెలా వాట్సాప్‌లో పెడతారా? రెండు, మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి ఆ రేటు తీసుకుంటారా? ఈ రెండింటికీ సరే అన్నారంటే మంచి ఓనరే. అద్దె ఐదొందలు తక్కువని మురిసిపోయి ఇలాంటి ఇంట్లో దిగితే, ఆ ఐదొందలూ మీటర్ మింగేస్తుంది.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 2024లో మొదలైన ఈ పథకం అద్దెదారులకూ వర్తిస్తుంది. అయితే మీ రేషన్ కార్డు మీరు అప్పుడు ఇచ్చిన యూఎస్‌సీ నంబర్‌తో ముడిపడి ఉంటుంది. ఇల్లు మారితే అది దానంతట అదే మీ వెనకాల రాదు. కొత్త ఇంటి బిల్లు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లి నంబర్ మార్పించుకోవాలి. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే అన్నదీ గుర్తుంచుకోండి. ముగ్గురు ఒకే మీటర్ మీద ఉన్న ఇంట్లో ఆ 200 ఎన్ని రోజుల్లో దాటుతుందో మీకే తెలుసు.

వెళ్లేరోజు ఒక ఫొటో

కరెంటు విషయంలో అన్నిటికన్నా చవకైన ఇన్సూరెన్స్ మీ ఫోన్ కెమెరా. ఖాళీ చేసే రోజు సామాను బండెక్కాక మీటర్ దగ్గరికి వెళ్లండి. డిజిటల్ మీటర్ స్క్రీన్ మీద నంబర్లు మారుతూ ఉంటాయి. తేదీ, టైము, వోల్టేజీ ఇలా ఏవేవో వస్తాయి. మీకు కావాల్సింది పక్కన కేడబ్ల్యూహెచ్ అని ఉన్న అంకె. అది వచ్చేదాకా ఆగి ఫొటో తీయండి. మీటర్ మీది సీరియల్ నంబర్ కూడా కనిపించాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకేలాంటి మీటర్లు ఇరవై ఉంటాయి, ఏది మీదో తర్వాత నిరూపించలేరు. ఆ ఫొటోను అక్కడే ఓనర్‌కి వాట్సాప్ చేసి “ఆంటీ, ఇవాళ్టి రీడింగ్ ఇది” అని రాయండి. తేదీ, టైము దానంతట అదే పడిపోతాయి.

ఇక లెక్క ఇలా. పోయిన బిల్లులో రీడింగ్ 6,140. మీరు వెళ్లిన రోజు 6,212. అంటే మీ వాడకం 72 యూనిట్లు. ఆ నెల బిల్లు తీసేసరికి, మీ తర్వాత దిగినవాళ్ల వాడకం కూడా కలిసి రీడింగ్ 6,350 అయింది. మొత్తం 210 యూనిట్లు. అన్నీ కలిపి బిల్లు 1,218 వచ్చిందనుకుందాం. యూనిట్‌కి 5.80 పడింది. మీ వాటా 72 యూనిట్లకు సుమారు 418 రూపాయలు. ఇంతే! ఓనర్ పద్దెనిమిది వందలు పట్టుకుంటాననే మాటకి జవాబు ఈ నాలుగు అంకెలు. గొంతు పెంచాల్సిన పనే ఉండదు.

కొత్త ఇంట్లో దిగిన రోజు కూడా ఇదే పని. మొదటి రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి పంపండి. అక్కడి నుంచి మీ లెక్క మొదలు. గేటెడ్ కమ్యూనిటీ అయితే జనరేటర్ కరెంటుకు విడిగా లెక్క ఉంటుందేమో, దాని రేటెంతో కూడా అడగండి. దాని యూనిట్ మామూలు కరెంటు కన్నా బాగా ఎక్కువ ఉంటుంది.

ఇంకో చిన్న పని. మీ పేమెంట్ యాప్‌లో పాత ఇంటి నంబర్ సేవ్ అయి ఉంటుంది. ఆటోపే పెట్టి ఉంటే ఇంకా ప్రమాదం. మీరు కొత్త ఇంట్లో దోమలతో పోరాడుతుంటే, యాప్ నిశ్శబ్దంగా పాత ఇంటి బిల్లు కట్టేస్తుంటుంది. లెక్క తేలగానే ఆ నంబర్ డిలీట్ చేసేయండి.

గ్యాస్: ఈసారి మూటాముల్లె మీదే

ఇప్పుడు సీన్ రివర్స్. వంటగ్యాస్ కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ ఉంటుంది కదా, అందరూ ఎస్‌వీ అంటారు, అదే దానికి ఆధారం. సిలిండర్, రెగ్యులేటర్ మీరు కొన్నవి కావు. డిపాజిట్ కట్టి వాడుకుంటున్నవి. 2022 జూన్ నుంచి 14.2 కిలోల సిలిండర్ డిపాజిట్ 1,450 నుంచి 2,200 రూపాయలకు, రెగ్యులేటర్ డిపాజిట్ 150 నుంచి 250కి పెరిగాయి. ఇది తిరిగొచ్చే డబ్బు. కానీ ఎస్‌వీ మీద ఎంత రాసి ఉంటే అంతే తిరిగొస్తుంది.

ఎంత దూరం మారుతున్నారన్న దాన్ని బట్టి పని మారుతుంది.

*అదే ఏరియాలో వీధి మారారు, డిస్ట్రిబ్యూటర్ మారలేదు:* అడ్రస్ మార్పిస్తే చాలు. కొత్త రెంటల్ అగ్రిమెంటు లాంటి అడ్రస్ ప్రూఫ్ చూపాలి.

*అదే ఊళ్లో దూరంగా మారారు, ఉదాహరణకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కి:* డిస్ట్రిబ్యూటర్ మారతారు. పాత ఏజెన్సీ నుంచి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోవాలి. సిలిండర్, రెగ్యులేటర్ తిరిగివ్వక్కర్లేదు, వెంట తీసుకెళ్లొచ్చు.

*ఊరే మారారు, హైదరాబాద్ నుంచి విశాఖకో బెంగళూరుకో:* సిలిండర్, రెగ్యులేటర్ ఇక్కడే అప్పగించి, ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవాలి. మీ డిపాజిట్ చేతికిస్తారు. కొత్త ఊళ్లో ఆ వోచర్ చూపించి, అక్కడి ప్రస్తుత డిపాజిట్ కట్టి కొత్త సిలిండర్ తీసుకోవాలి. నాన్నగారు పాతికేళ్ల కిందట తీసుకున్న కనెక్షన్ అయితే వచ్చేది వందల్లో, కట్టాల్సింది వేలల్లో. ఆ తేడాకు ముందే సిద్ధపడండి.

“అన్నా, రైల్లో పట్టుకుపోతే అయిపోతుంది కదా” అనే ఐడియా వస్తే అక్కడే ఆపేయండి. రైల్లో గ్యాస్ సిలిండర్ తీసుకెళ్లడం నేరం. ఒక్క స్పార్కుతో బోగీ మొత్తం బుగ్గి అవుతుంది.

ఫ్రెండ్ పేరు మీద సిలిండర్

బ్యాచిలర్ రూముల్లో అసలు సమస్య ఇదే. నలుగురు కలిసి ఉంటారు. కనెక్షన్ ఒకడి పేరు మీద. వాడికి బెంగళూరులో జాబ్ వచ్చి వెళ్లిపోతాడు. సిలిండర్ రూములోనే ఉంటుంది. బుక్ చేస్తే డెలివరీ కోడ్ వాడి ఫోన్‌కి వెళ్తుంది. డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉంటాడు, మనవాడేమో మీటింగ్‌లో ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఉంటాడు. కోడ్ రాదు, సిలిండర్ దిగదు.

ఇది నవ్వుకునే ఇబ్బంది. దీని వెనక నవ్వలేనిది ఇంకోటి ఉంది. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ అడగడానికి రిజిస్టర్ అయిన కస్టమర్, రిజిస్టర్ అయిన అడ్రస్ చూస్తారు. వేరేవాడి పేరు, వేరే ఇంటి అడ్రస్ ఉన్న సిలిండర్ మీ వంటింట్లో ఉంటే మీరు ఎవరికి చెప్పుకుంటారు? కాబట్టి పేరున్నవాడు వెళ్లిపోతుంటే కనెక్షన్ వాడినే తీసుకెళ్లనివ్వండి. మిగిలినవాళ్లలో ఒకరు కొత్తది తీసుకోండి. డిపాజిట్ నలుగురూ పంచుకుని, ఎవరెంత ఇచ్చారో గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి ఉంచండి.

ఆరు నెలల కోసం అంత తతంగం ఎందుకు అనుకునేవాళ్లకు 5 కిలోల చిన్న సిలిండర్ ఉంది. అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు చాలు. గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది. కిలో లెక్కన ఇంటి సిలిండర్ కన్నా ఖరీదెక్కువే. కానీ సందు చివర షాపులో పెద్ద సిలిండర్‌లోంచి చిన్నదాంట్లోకి ఎక్కించే గ్యాస్ కన్నా వెయ్యి రెట్లు నయం. అలా నింపడం చట్టవిరుద్ధం, పైగా ప్రాణాంతకం. చుట్టూ ఇళ్లున్న చోట బాంబు నింపుతున్నట్టే.

కొత్తగా పెళ్లయినవాళ్లకు ఒక మాట. అతని పేరు మీద ఒకటి, ఆమె పేరు మీద ఒకటి కనెక్షన్ ఉందనుకోండి. నిబంధనల ప్రకారం ఒకే వంటిల్లు ఉన్న కుటుంబానికి ఒకే ఇంటి కనెక్షన్. కాబట్టి ఒకటి సరెండర్ చేసి డిపాజిట్ తీసుకోండి. మిగిలిన కనెక్షన్ మీదే కావాలంటే రెండో సిలిండర్ తీసుకోవచ్చు. చుట్టాలొచ్చిన రోజు గ్యాస్ అయిపోయినా పరువు దక్కుతుంది.

గోడలోంచి వచ్చే గ్యాస్

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల కొన్ని అపార్ట్‌మెంట్లలో పైపుల ద్వారా గ్యాస్ వస్తుంది. ఇది మాత్రం కరెంటు లాంటిదే. మీటర్ ఇంటిది, మీరు వాడకానికి డబ్బు కట్టేవాళ్లు. దిగిన రోజు, వెళ్లిన రోజు మీటర్ ఫొటో ఇక్కడా తప్పనిసరి. పాత బకాయి ఉందేమో చూసుకోవడమూ అంతే.

స్టవ్ విషయంలో మాత్రం ఒక పెద్ద జాగ్రత్త. సిలిండర్ గ్యాస్, పైపు గ్యాస్ ఒకటి కాదు. పైపు గ్యాస్‌కి స్టవ్ లోపలి జెట్ రంధ్రం పెద్దదిగా ఉండాలి. అందుకే కనెక్షన్ ఇచ్చేటప్పుడు స్టవ్‌ని మార్చి ఇస్తారు. అదే స్టవ్ పట్టుకెళ్లి కొత్త ఇంట్లో సిలిండర్‌కి తగిలిస్తే మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. కాబట్టి అటు నుంచి ఇటు మారినా, ఇటు నుంచి అటు మారినా, మెకానిక్ చేత జెట్లు మార్పించాకే వెలిగించండి. పనిలో పనిగా సిలిండర్ రబ్బరు ట్యూబు మీద ఉన్న తేదీ కూడా చూసుకోండి, గడువు దాటితే కొత్తది వేయించండి.

సొంతిల్లు కొంటున్నారా?

ఫ్లాట్ కొనేవాళ్లకు బకాయి సంగతి ఇంకా సీరియస్. 2023 మేలో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చింది. పాత యజమాని కరెంటు బాకీ కడితేనే కొత్త యజమానికి కనెక్షన్ ఇస్తామని, నిబంధనల్లో అలా ఉన్నప్పుడు, డిస్కం షరతు పెట్టవచ్చని. “నాకేం సంబంధం, వాడింది నేను కాదు” అన్న మాట అక్కడ నిలవదు. కాబట్టి రిజిస్ట్రేషన్‌కి ముందే బకాయి లేదని చూసుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక సేల్ డీడ్ చూపించి సర్వీసు మీ పేరుకు మార్పించుకోండి. పాత డిపాజిట్ లెక్క కూడా అమ్మేవాళ్లతో అప్పుడే తేల్చుకోండి.

అద్దెదారులకు ధైర్యం ఇచ్చే తీర్పు కూడా ఒకటుంది. 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు, కరెంటు కనీస సౌకర్యమని, ఓనర్ నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని చెప్పింది. 2003 విద్యుత్ చట్టం కూడా ఇంటి యజమానే కాదు, ఇంట్లో ఉంటున్నవాళ్లు కూడా కనెక్షన్ అడగవచ్చని అంటోంది. బిల్లు బాకీ ఉన్నా సరే, 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా డిస్కం కరెంటు తీసేయకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఈ నోటీసు సంగతి ఇంకోచోట కూడా అక్కరకొస్తుంది. “మీ బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబర్‌కి కాల్ చేయండి” అని మెసేజ్ వస్తుంది. ఇల్లు మారిన కొత్తలో “నిజమేనేమో, పాత బాకీ ఏమైనా ఉందేమో” అనిపిస్తుంది. సరిగ్గా ఆ భయం మీదే మోసగాళ్లు బతుకుతారు. ఆ నంబర్‌కి ఫోన్ చేయకండి, వాళ్లు చెప్పిన యాప్ దించుకోకండి. డిస్కం యాప్‌లో బాకీ ఉందో లేదో మీరే చూసుకోండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

● అడ్వాన్సు ఇవ్వకముందు: కరెంటు నంబర్ అడిగి బకాయి చూడాలి. మీటర్ విడిగా ఉందా, సబ్‌మీటరా? యూనిట్ రేటు ఎంత?

● అగ్రిమెంటులో: పాత బకాయిలు, సర్దుబాటు చార్జీలు, ఏసీడీ ఎవరివో రాయించుకోవాలి.

● మారడానికి రెండు వారాల ముందు: గ్యాస్ ఏజెన్సీకి వెళ్లాలి. ఎస్‌వీ, ఆధార్, కొత్త అడ్రస్ ప్రూఫ్ దగ్గర ఉండాలి. ఫోన్ నంబర్ మీదేనా చూసుకోవాలి.

● ఖాళీ చేసే రోజు: సీరియల్ నంబర్‌తో మీటర్ ఫొటో, ఓనర్‌కి వాట్సాప్. రెగ్యులేటర్ విప్పి, సిలిండర్‌కి మూత బిగించాలి.

● దిగిన రోజు: కొత్త మీటర్ ఫొటో. స్టవ్ బిగించాక ట్యూబు కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి లీకు చూడాలి, అగ్గిపుల్లతో కాదు.

● మొదటి వారం: ఆటోపేలో పాత నంబర్ తీసేయాలి. గృహజ్యోతి ఉంటే నంబర్ మార్పించుకోవాలి.

● ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సినవి: కరెంటు ఫిర్యాదుకు 1912, గ్యాస్ లీకైతే 1906.

ఆషాఢంలోనూ, శూన్యమాసంలోనూ ఇల్లు మారకూడదని పెద్దవాళ్లు ఆపుతారు కదా, విసుక్కోకండి. ఈ కాగితం పనులన్నీ చక్కబెట్టుకోవడానికి ఒక నెల టైము దొరికింది అనుకోండి. మంచిరోజు వచ్చేసరికి మీటర్ లెక్క తేలి ఉంటుంది, సిలిండర్ నిండుగా ఉంటుంది. ఇక ఆ రోజు మీరు చూసుకోవాల్సింది పాలు గిన్నె అంచు దాటి పొంగాయా లేదా అన్నదొక్కటే!